డెబ్బై ఏళ్ల ఉత్తరం

క్రైస్తవ విశ్వాసంలో ఉద్దేశంతో జీవించడం అనే మాటకు రెండు అర్థాలు చాలాకాలంగా పక్కపక్కనే నడుస్తున్నాయి. ప్రతి మనిషి పుట్టుకకూ దేవుడు ముందుగానే ఒక పని నిర్ణయించి ఉంచాడనీ, ప్రార్థనతోను, ఆత్మపరిశీలనతోను దాన్ని కనిపెట్టి జీవితాన్ని దానికే అప్పగించాలనీ చెప్పేది మొదటి అర్థం. అమెరికా పాస్టర్ రిక్ వారెన్ నలభై రోజుల పఠనంగా విభజించి 2002లో వెలువరించిన ‘ద పర్పస్ డ్రివెన్ లైఫ్’ తరువాత ఈ అర్థమే సంఘాలలో ఎక్కువగా వినిపిస్తోంది. దేవుని పిలుపు మనిషి ఉన్నచోటికే, పొరుగువాడి అవసరం రూపంలో వస్తుందనీ, దానికోసం వేరే ఎక్కడా వెతకనక్కర్లేదనీ చెప్పేది రెండవది. ఇది పదహారవ శతాబ్దంలో మార్టిన్ లూథర్ బలంగా నిలబెట్టిన అర్థం. అంతకుముందు ‘పిలుపు’ అంటే మఠంలో చేరే సన్యాసికి మాత్రమే ఉండేదిగా భావించేవారు. పశువుల కాపరికీ, పనిమనిషికీ, పసిపిల్లల గుడ్డలు ఉతికే తండ్రికీ కూడా అంతే గౌరవమైన పిలుపు ఉందని లూథర్ వాదించాడు.

ఈ రెండు అర్థాల మధ్య రాపిడి మలేసియా తెలుగువారి విషయంలో పుస్తకాల చర్చగా మిగలదు, ఎందుకంటే అక్కడికి తెలుగువారు చేరిన తీరులోనే ‘ఎవరి ఉద్దేశం?’ అనే ప్రశ్న ఉంది. పంతొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల పేద కుటుంబాలు కంగాణీల వెంట మలయా తోటలకు వెళ్లాయి. కంగాణీ అంటే తోట యజమాని తరఫున సొంత ఊరికి తిరిగివచ్చి, బంధువులనూ ఇరుగుపొరుగునూ పనికి కూర్చుకొని తీసుకువెళ్లే మేస్త్రీ. పేరాక్ రాష్ట్రపు దక్షిణ కొసన, సముద్రానికి దగ్గరగా ఉన్న బాగన్ దాతో కొబ్బరి తోటలలో తెలుగు కుటుంబాలు గుంపుగా స్థిరపడ్డాయి. వారిలో అత్యధికులు రామభజన మందిరాలనూ ఉగాదినీ వెంట తెచ్చుకున్న వైష్ణవ సంప్రదాయపు హిందువులు. క్రైస్తవులు కొద్దిమంది, ఆ కొద్దిమందీ తరచు తమిళ ఆరాధనలలో కూర్చుని తమిళంలోనే ప్రార్థించడం నేర్చుకున్నవారు. పిల్లలు తమిళ బడులలో చదువుకోవడం వల్ల తెలుగు మాట్లాడగలిగి కూడా తెలుగు అక్షరం చదవలేని తరాలు వచ్చాయి. 1955లో ఏర్పడిన మలయా ఆంధ్ర సంఘం భాషను నిలబెట్టేందుకు పూనుకున్నది ఆ స్థితిలోనే. ఇటీవలి దశాబ్దాలలో వచ్చినవారు వేరు: కౌలాలంపూర్, సైబర్‌జయ కార్యాలయాలకు వచ్చిన కంప్యూటర్ ఇంజనీర్లు ఒక వైపు, హోటళ్లలోను, నిర్మాణాలలోను, పామాయిల్ తోటలలోను పనికి వచ్చిన తెలంగాణ, ఆంధ్ర యువకులు మరొక వైపు.

కింది సంవాదంలో మాట్లాడే ఇద్దరూ ఈ రెండు వలసలకు ప్రతినిధులు. ఇద్దరూ కల్పిత పాత్రలే కనుక పేర్లు అక్కర్లేదు. ఒకరు బాగన్ దాతో లైను ఇళ్లలో, అంటే తోట యజమాని కూలీలకోసం వరసగా కట్టించిన ఒంటిగది ఇళ్లలో, పుట్టి పెరిగి బడిపంతులుగా పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. మరొకరు ఒంగోలు నుంచి రెండేళ్ల పనిపత్రం మీద సైబర్‌జయకు వచ్చిన ఇంజనీరు.

ఇంజనీరు: మాష్టారూ, ఉన్నచోటే పిలుపు ఉందనే బోధ వినడానికి ఎంతో వినయంగా ఉంటుంది, కాని ఆ బోధ తోటలలో ఎవరికి ఉపకరించిందో చూడకుండా దాన్ని మెచ్చుకోకూడదు. పని ఏదైనా ప్రభువుకోసమే అన్నట్టు మనస్ఫూర్తిగా చేయమని పౌలు కొలొస్సయులకు రాసిన మాట దొర చెవికి ఎంత ఇంపుగా ఉంటుందో ఆలోచించండి. తెల్లవారకముందే హాజరు పిలుపుకు నిలబడి, రోజంతా వంగి పనిచేసి, రాత్రికి ఒంటిగదిలో పిల్లలమధ్య పడుకొనే మనిషికి ‘ఇదే దేవుడు నీకిచ్చిన చోటు’ అని చెప్పడం సువార్త అవుతుందా? కూలీల బతుకు కొంతైనా మారింది ఆ బోధవల్ల కాదు. 1910లో ఒప్పంద కూలీ పద్ధతి రద్దయినది చట్టంవల్ల. తోట యజమానులు కూలిరేట్లు తగ్గించినప్పుడు 1938లో భారత ప్రభుత్వం తోటల ఖర్చుమీద సాగే కూలీల వలసను ఆపివేసింది. ఎవరో కూర్చుని, ఇది తప్పు, దీన్ని మార్చాలి అని ఒక లక్ష్యం పెట్టుకోబట్టే అవి జరిగాయి. ఉద్దేశం అంటే అది.

మాష్టారు: బాబూ, చోటు వేరు, పిలుపు వేరు. ఈ రెండింటినీ కలిపివేసింది దొర తప్పు కావచ్చు, బోధకుడి తప్పు కూడా కావచ్చు, పౌలు తప్పు మాత్రం కాదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో, దాసుడిగా ఉండగా పిలువబడినవాడు దానికి దిగులుపడనక్కర్లేదంటూనే, స్వతంత్రుడయ్యే వీలు దొరికితే దాన్ని వినియోగించుకోవడమే మంచిదని కూడా ఆయనే చెప్పాడు. అక్కడ గ్రీకులో ఉన్న ‘క్లేసిస్’ అనే మాటకు పిలవడం అనే అర్థం. అది పనికి పేరు కాదు, పిలిచినవాడికీ పిలవబడినవాడికీ మధ్య ఏర్పడిన సంబంధానికి పేరు. ఇక తోటపని సంగతి. రబ్బరు పాలు తీసేవాడు ఏం చేసేవాడో మీరు దగ్గరనుంచి చూసి ఉండరు.

పెద్దమనిషి చెప్పిన ఆ పనిని ఇక్కడ కొంత వివరించవలసి ఉంది, ఎందుకంటే ఆయన వాదమంతా దానిమీదనే నిలుస్తుంది. చల్లటి వేళలో చెట్టులో నీటి ఒత్తిడి ఎక్కువగా ఉండి పాలు బాగా కారుతాయి, ఎండ ఎక్కేకొద్దీ ధార సన్నగిల్లుతుంది. కాబట్టి పనివాడు చీకటితోనే తోటలో దిగి, ఒక్కో ఉదయం కొన్ని వందల చెట్లను చుట్టిరావాలి. బెరడుమీద ఎడమనుంచి కుడికి వాలుగా ఉన్న పాత గీతవెంట, వంపు తిరిగిన కత్తితో కాగితంలాంటి పొరను మాత్రమే చెక్కాలి. కత్తి లోతు తగ్గితే పాలు రావు. లోతు ఎక్కువై బెరడుకూ కలపకూ మధ్యనున్న లేతపొర తెగితే ఆ రోజుకు పాలు బాగానే కారవచ్చు, కాని గాయం మానేచోట బెరడు బుడిపెలు కట్టి, కొన్నేళ్ల తరువాత అదే భాగానికి కత్తి తిరిగి వచ్చినప్పుడు అక్కడ గీత దిగదు. తొందరపడి చెక్కినవాడి తప్పు ఆ పూట ఎవరికీ కనపడదు. ఏళ్లు గడిచాక, ముఖం కూడా తెలియని మరొక పనివాడి కూలిలో కోతగా కనపడుతుంది.

మాష్టారు: ఆ లేతపొరను కాపాడిన చేతికి ఏ దొరా పతకం ఇవ్వలేదు. ముందు తరం వాళ్లలో చదువు లేనివాళ్లే ఎక్కువ, జీవితోద్దేశం అనే మాట వాళ్లు ఏనాడూ వాడి ఉండరు. కాని తరువాత రాబోయేవాడి కూలిని మనసులో ఉంచుకొని కత్తి ఆపుకున్నవాడు, పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞను ప్రతి ఉదయం కొన్ని వందలసార్లు పాటించాడు. నలభై రోజుల పాఠం ఆ మనిషికి కొత్తగా ఏం నేర్పుతుంది?

ఇంజనీరు: ఆ చేతి ఓర్పుకు నమస్కరించవలసిందే, కాని కాపాడిన ఆ బెరడుమీద లాభం ఎవరికి చేరిందో కూడా చెప్పాలి కదా మాష్టారూ. అదీ గాక, తెలుగునేల మీద క్రైస్తవ్యం నిలదొక్కుకున్నదే అప్పగించిన పనిని కాదనడంతో. ఒంగోలు ప్రాంతంలో 1866 ప్రాంతాన బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. ఆయన వెంట విశ్వాసంలోకి వచ్చినవారు ఆదివారం పని మానుకున్నారు, చచ్చిన పశువు మాంసం తినడం మానుకున్నారు, జాతరలలో డప్పు కొట్టడానికి నిరాకరించారు. ఊరిపెద్దలు వాళ్లను బావుల దగ్గరికి రానివ్వకుండా, వెట్టికి పట్టుకుపోయి బాధించింది ఆ నిరాకరణ కోసమే. ఉన్నచోటే ఉండి చెప్పినపని బాగా చేయడమే పిలుపు అయితే పేరయ్య డప్పు ఇంకా బాగా కొట్టి ఉండాలి. ఆ ప్రాంతానికి వచ్చిన మిషనరీ జాన్ క్లౌ సంగతి కూడా చూడండి. ఆయన పూర్వాశ్రమంలో సర్వేయరు. 1876 నుంచి 1878 వరకు సాగిన కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తానే తీసుకొని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించాడు. కొలతలు, లెక్కలు, గడువులు, మేస్త్రీలు, ఇవన్నీ లేకుండా ఆ పని జరిగేది కాదు. దేవుడు తనకిచ్చిన నేర్పు ఏమిటో గుర్తించి, దాన్ని ఒక నిర్దిష్టమైన లక్ష్యానికి కట్టిన మనిషి కథ అది.

ఈ వాదంలోని బలాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు. పిలుపును వృత్తితో సమానం చేసిన బోధ కులవృత్తి ఉన్న దేశంలోకి వచ్చినప్పుడు ఎంత ప్రమాదకరమో జర్మనీలో కూర్చుని రాసిన లూథర్ ఊహించి ఉండడు. డప్పు పక్కన పెట్టిన రోజున ఒంగోలు మాదిగపల్లెలో జరిగినది వేదాంత చరిత్రలో చిన్న విషయం కాదు. పిలుపు మనిషిని అతని చోటులో స్థిరపరచడమే కాక, ఆ చోటును తప్పని తేల్చి బయటికి కూడా నడిపిస్తుందని అక్షరం రాని మనుషులు రుజువు చేశారు.

మాష్టారు: పేరయ్య దగ్గర ఓడిపోవడానికి అభ్యంతరం లేదు బాబూ, ఆయన ముందు ఎవరైనా ఓడవలసిందే. కాని ఆ కథలో రెండు సంగతులు మీరు వదిలేశారు. డప్పు మానింది ఒక్క పేరయ్య కాదు, పల్లెకు పల్లె. ఎవరికి వారు తమ ప్రత్యేక ప్రతిభను కనిపెట్టి, దానికి తగిన దారి ఎంచుకున్న కథ అది కానే కాదు. ఒకరి చేయి ఒకరు పట్టుకోకపోతే ఆ బావుల దగ్గర వాళ్లు ఒక్క నెల కూడా నిలిచేవారు కాదు. రెండోది, క్లౌ కాలువపని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు, కూలికోసం విశ్వాసం వచ్చిందన్న మాట రాకూడదని. పనులు ముగిసి, కరువుకూలి పంచడం ఆగిన తరువాతే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. లక్ష్యం పెట్టుకున్న మనిషి లెక్క పెంచుకునే అవకాశం చేతికొచ్చినప్పుడు అలా ఆగడు. ఆయన్ని ఆపింది లక్ష్యంకన్నా పెద్దది. ఇంతకీ మీ ఇంట్లో గోడమీద యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం ఉన్న క్యాలెండరు ఉందా?

ఇంజనీరు: ఉంది. ప్రతి తెలుగు క్రైస్తవుడి ఇంట్లోనూ ఉంటుంది. వీసా వచ్చిన రోజున అమ్మ ఫోనులో చదివి వినిపించిన వచనం కూడా అదే.

మాష్టారు: ఆ వచనానికి ముందు ఉత్తరమంతా ఉంది. దాన్ని ఎవరూ క్యాలెండరుమీద వేయరు.

ఆయన ప్రస్తావించిన ఉత్తరం గురించి ఇక్కడ కాస్త ఆగి మాట్లాడుకోవాలి. క్రీ.పూ. 597లో బబులోను రాజు యెరూషలేమును లొంగదీసుకొని, యెకొన్యా రాజునూ, అధికారులనూ, కంసాలులతో సహా చేతిపనివాళ్లనూ చెరగా తీసుకుపోయాడు. ఆ తరువాత యెరూషలేములో హనన్యా అనే ప్రవక్త లేచి, రెండేళ్లలో అందరూ తిరిగివస్తారని ప్రకటించాడు. యిర్మీయా దాన్ని అబద్ధమని ఖండించి, చెరలో ఉన్నవారికి ఒక ఉత్తరం పంపాడు. ఇళ్లు కట్టుకొని కాపురం ఉండండి, తోటలు నాటుకొని వాటి ఫలం తినండి, కొడుకులకూ కూతుళ్లకూ పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరగొన్న పట్టణపు క్షేమం కోరి దానికోసం ప్రార్థించండి అన్నది దాని సారాంశం. డెబ్బై ఏళ్లు గడిచాకగాని తిరుగు ప్రయాణం లేదనీ ఆ ఉత్తరమే చెబుతుంది. అంటే దాన్ని చేతిలోకి తీసుకొని చదివిన పెద్దవాళ్లలో దాదాపు ఎవరూ సొంత ఊరు మళ్లీ చూడరు. క్యాలెండరు వచనం వచ్చేది ఆ తరువాతే.

తెలుగు బైబిలు చదివేవారికి ఈ సందర్భాన్ని మరుగుపరిచేవి రెండున్నాయి. మొదటిది మర్యాద. తెలుగులో ‘మీరు’ అనే మాట బహువచనమూ కావచ్చు, గౌరవార్థంలో ఒక్కరికీ చెల్లవచ్చు. అందువల్ల దేవుడు ‘మిమ్మును గూర్చి’ ఉద్దేశించిన సంగతులు అని చదివినప్పుడు, క్యాలెండరు ముందు నిలబడ్డ మనిషికి అది తనతోనే అంటున్నట్టు వినిపిస్తుంది. కాని తెలుగు బైబిలులో దేవుడు ఒక మనిషితో మాట్లాడినప్పుడు ‘నీవు’ అంటాడే తప్ప ‘మీరు’ అనడు. అబ్రాహామైనా మోషే అయినా ‘నీవే’. కనుక ఆ ‘మిమ్మును’ గౌరవ వాచకం కాదు, నూటికి నూరుపాళ్లు బహువచనం. మూలభాషయిన హెబ్రీలో కూడా అది బహువచనమే. దేవుడు ఉద్దేశాలు చెప్పినది చెరలో ఉన్న ఒక జనసమూహానికి.

రెండవది అనువాదంలోనిది. ఏడవ వచనంలో పట్టణానికి కోరవలసినది ‘క్షేమము’ అని తెలుగు బైబిలు చెబుతుంది. పదకొండవ వచనంలో దేవుని ఉద్దేశాలు ‘సమాధానకరమైనవి’ అంటుంది. హెబ్రీలో రెండుచోట్లా ఉన్నది ఒకే మాట, ‘శాలోమ్’. కొరత లేకుండా, కలహం లేకుండా, అన్నీ తమ తమ తావుల్లో కుదురుకొని ఉండే స్థితికి అది పేరు. యుద్ధం లేకపోవడం ఒక్కటే శాలోమ్ కాదు, కడుపు నిండటం, పంట పండటం, పిల్లలు పెరగడం కూడా అందులో భాగం. ఒకే మాట రెండు తెలుగు మాటలుగా చీలిపోవడంతో, దేవుడు వారికోసం తలపెట్టిన శాలోమూ, వాళ్లు పట్టణంకోసం కోరవలసిన శాలోమూ ఒకటేనన్న సంగతి చదివేవారి కంటికి ఆనకుండా పోయింది. మొదటిది కావాలంటే రెండోదానిగుండా పోవలసిందేనని ఉత్తరం స్పష్టంగానే చెబుతోంది. ఈ ఒక్క సంగతి సంఘంలో వివరంగా చెప్పగలిగితే, జీవితోద్దేశం గురించిన ప్రసంగాలలో సగం వేరుగా ఉంటాయి.

ఇంజనీరు: బహువచనం సంగతి ఒప్పుకోక తప్పదు మాష్టారూ. హనన్యా చెప్పిన రెండేళ్ల మాట వింటే గుండెలో గుచ్చుకున్నట్టే ఉంది, ఎందుకంటే ఇక్కడికి వచ్చిన ప్రతివాడూ రెండేళ్లే అనుకొని వస్తాడు. అయినా ఒక అభ్యంతరం మిగిలే ఉంది. బబులోనుకు వెళ్లినవాళ్లు సొంత ఇళ్లు కట్టుకున్నారు, సొంత తోటలు నాటుకున్నారు, ఆ ఫలం వాళ్లే తిన్నారు. మీ పెద్దలు నాటిన కొబ్బరి ఎవరిది? వాళ్లు ఉన్న లైను ఇల్లు ఎవరిది? పని చేయలేని వయసు వచ్చిన రోజున ఇల్లు కూడా ఖాళీ చేయవలసిందే కదా. ఒకరు కట్టగా మరొకరు కాపురముండరు, ఒకరు నాటగా మరొకరు తినరు అని యెషయా చెప్పిన రోజుకు తోట జీవితం పూర్తిగా తలకిందులుగా ఉంది. నాటడానికి గజం నేల లేనివాడికి యిర్మీయా ఉత్తరం ఎలా చదివి వినిపించాలి?

మాష్టారు: ఆ ప్రశ్న తోటలవాళ్లే అడిగారు. మలయా స్వాతంత్ర్యానికి అటూ ఇటూ తెల్లదొరల కంపెనీలు తోటలను ముక్కలు చేసి అమ్ముకోవడం మొదలుపెట్టినప్పుడు, కొన్నవాళ్లు పాత కూలీలను బయటికి పంపేవాళ్లు. పనితోపాటు ఇల్లూ పోయేది. 1960లో మంత్రి వి.టి. సంబంధన్ చొరవతో జాతీయ భూ ఆర్థిక సహకార సంఘం ఏర్పడింది. తోట కూలీ నెలకు పది రింగిట్‌ల చొప్పున వాటాధనం కట్టాలి, అలా పోగైన సొమ్ముతో సంఘమే తోటలను కొంటుంది. కెడాలోని బుకిట్ సిడిమ్ తోట మొదట కొన్నవాటిలో ఒకటి. మంత్రిగా ఉన్న మనిషి తోట తోటకూ తిరిగి, లైను ఇళ్ల ముందు నిలబడి, ఆ పది వెళ్లి కట్టమని చెప్పాడు. మలయాలో ‘వెళ్లి’ అంటే రింగిట్టే. అప్పటి కూలిలో అది చిన్న మొత్తం కాదు. చెట్టుకింద వంగినవాళ్లు చెట్టుకు వాటాదార్లయ్యారు. నాటి తినమన్న మాటకు అంతకన్న దగ్గరి ఉదాహరణ ఈ దేశంలో చూపించడం కష్టం.

ఇంజనీరు: గొప్ప పనే. కాని సంబంధన్ హిందువు. ఆ వాటాలు కట్టినవాళ్లలో కూడా క్రైస్తవులు కొద్దిమందే. పట్టణ క్షేమమే ఉద్దేశం అయితే, అది క్రైస్తవుడు కాని మనిషి మరింత బాగా నెరవేర్చినప్పుడు, క్రైస్తవ విశ్వాసంలో ఉద్దేశం అని వేరే చెప్పుకోవలసింది ఏముంటుంది? సువార్త ప్రకటించడం, సాక్ష్యం చెప్పడం, అంటే తాను క్రీస్తువల్ల పొందినదాన్ని నోటితో చెప్పడం, ఇవన్నీ పక్కకు పోతాయా?

మాష్టారు: సంబంధన్ హిందువు అయినందుకు చిన్నబుచ్చుకోవలసింది ఏముంది బాబూ? చెరనుంచి యూదులను విడిచిపెట్టిన కోరెషు కూడా యూదుడు కాడు; యెషయా గ్రంథం ఆయన్ని దేవుడు అభిషేకించినవాడనే పిలిచింది. ఇక సాక్ష్యం. ఈ దేశపు రాజ్యాంగం పదకొండో అధికరణం ప్రతివారికీ తమ మతాన్ని అవలంబించే, ఆచరించే హక్కు ఇచ్చింది, ప్రచారం చేసుకునే హక్కునూ ఇచ్చింది. ముస్లిముల మధ్య చేసే ప్రచారాన్ని రాష్ట్ర చట్టాలు నియంత్రించవచ్చని అదే అధికరణం నాలుగో క్లాజులో ఉంది. 2020 జనగణన ప్రకారం దేశంలో ముస్లిములు 63.5 శాతం, క్రైస్తవులు 9.1 శాతం, ఆ క్రైస్తవులలోనూ ఎక్కువమంది సబా, సరవాక్‌లలోనే ఉన్నారు. నోరు ఎక్కడ తెరవాలో, ఎక్కడ చేతులు మాత్రమే పనిచేయాలో తెలుసుకొని బతకడం ఇక్కడి విశ్వాసి నేర్చుకున్న విద్య. చేతులు చేసే సాక్ష్యం తక్కువది అని ఎవరన్నారు?

ఇంజనీరు: తక్కువని కాదు. వేరేమిటి అన్నదే ప్రశ్న.

మాష్టారు: వేరు పనిలో లేదు, పని అయిపోయాక ఉంది. లైను ఇళ్లలో చివరిదశకు వచ్చిన ముసలివాళ్లు ఉండేవాళ్లు. చూపు మందగించి, వేళ్లు వంగిపోయి, గీత గీయడం సరే, కప్పులో పాలు వంపడం కూడా చేతకానివాళ్లు. మీ నలభై రోజుల పాఠం వాళ్లకు ఏ పని అప్పగిస్తుంది? ఉద్దేశం పనిలో ఉంటే పని పోయిన రోజున అదీ పోవాలి. క్రైస్తవుడు నమ్మేది ఏమిటంటే, దేవుడు మనిషిని ఇష్టపడ్డది అతను ఏదైనా సాధించినందుకు కాదని. దాన్నే కృప అంటారు, అంటే అర్హత చూడకుండా ఇచ్చేది. ఉద్దేశం అక్కడ మొదలవుతుంది. పని దాని వెంట వస్తుంది. ఆ వరుస తలకిందులు చేస్తే దేవుడు కూడా ఇంకొక దొరే అవుతాడు.

ఇంజనీరు కొంతసేపు బదులు చెప్పలేదు. చెప్పినప్పుడు ఆయన అన్న మాట ఈ సంవాదంలో ఆయన వైపునుంచి వచ్చినవాటిలో అన్నిటికన్నా గట్టిది, పెద్దమనిషి దానికి పూర్తి సమాధానం ఇవ్వనూలేదు.

ఇంజనీరు: ఉత్తరం బహువచనంలో ఉండవచ్చు మాష్టారూ, కాని వీసా దరఖాస్తుమీద సంతకం ఒక్కరిదే. ఒంగోలులో ఒంటరిగా ఉన్న తల్లి దగ్గరికి వెళ్లాలా, ఇక్కడే ఉండి చెల్లి పెళ్లి అప్పు తీర్చాలా, ఈ ఉద్యోగమే చేయాలా, వదిలి సేవకు వెళ్లాలా? పల్లెకు పల్లె కదిలిన రోజులు వేరు. ఇప్పుడు ప్రతివాడూ ఒక్కడే విమానం ఎక్కుతున్నాడు. ఒక్కడే నిర్ణయించుకోవలసి వచ్చినవాడు, దేవా, నా సంగతి ఏమిటి అని అడిగితే, అది స్వార్థమని తోసిపుచ్చడం న్యాయం కాదు.

మాష్టారు: న్యాయం కాదు. ఒప్పుకోవలసిందే. అడగాలి. కాని ఒక్కడుగా ఉండి అడిగితే వినిపించేది తరచు తన గొంతే అవుతుంది, బాబూ. యిర్మీయా ఉత్తరం ఎల్యాశా, గెమర్యా అనే ఇద్దరి చేతిలో వెళ్లింది; అది అందరిమధ్య చదివిన ఉత్తరం. మీ ప్రశ్న పదిమంది ముందు పెట్టి చూడండి.

ఇంజనీరు: ఏ పదిమంది? ఆరాధన ముగిశాక ఎవరి కారు వారిదే.

అప్పుడు పెద్దమనిషి ప్రస్తావించిన విషయం మొదటినుంచీ సాగుతున్న వాదానికి సంబంధం లేనిదిగా కనిపించినా, నిజానికి అన్నిటికన్నా దగ్గరిది. ఏజెంటు మాట నమ్మి పర్యాటక వీసామీద వచ్చి, గడువు దాటిపోయి, దాక్కుంటూ పనిచేసే తెలుగు యువకులు ఈ దేశంలో ఉన్నారు. పనివాడి పాస్‌పోర్టు యజమాని పట్టి ఉంచుకోవడం 1966 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారం నేరమే అయినా, ఆ సంగతి చాలామంది కుర్రవాళ్లకు తెలియదు. 2019 ఆగస్టునుంచి డిసెంబరు వరకు ప్రభుత్వం అమలుచేసిన స్వదేశ గమన పథకంలో 700 రింగిట్ల జరిమానా, విమాన టికెట్టు చూపించినవారిని ఇంటికి వెళ్లనిచ్చారు. అలాంటి ప్రతి పథకంలోనూ అసలు అడ్డంకి డబ్బు ఒక్కటే కాదు; దరఖాస్తు మలయ్ భాషలో ఉంటుంది, కుర్రవాడికి తెలుగు తప్ప మరొకటి రాదు, అధికారి అడిగేది అతనికి అర్థం కాదు, అతను చెప్పే ఊరిపేరు అధికారి రాసుకోలేడు.

మాష్టారు: మలయ్ రాయడం ఈ ముసలి చేతికి వచ్చు, కాని తెలుగు అక్షరం సరిగా రాదు. ఆ కుర్రవాళ్లు ఇంటినుంచి తెప్పించుకున్న కాగితాలన్నీ తెలుగులో ఉంటాయి: రేషన్ కార్డు, సర్పంచి రాసిచ్చిన ఉత్తరం, తల్లి వేలిముద్ర వేసిన అర్జీ. చదివి చెప్పేవాడు ఒకడు కావాలి.

ఇంజనీరు: ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చోవచ్చు.

మాష్టారు: ఆదివారం పుత్రజయలోని ఇమ్మిగ్రేషన్ కార్యాలయం తెరవరు. మంగళవారం పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడాలి. సెలవు పెట్టాలి.

ఇంజనీరు: చేతిలో ఉన్న పనిపత్రానికి ఇంకా నాలుగు నెలలే గడువు, మాష్టారూ. పొడిగిస్తారో లేదో తెలియదు.

మాష్టారు: నాలుగు నెలలంటే పదిహేడు మంగళవారాలు, బాబూ.